సంతకం వచ్చింది, చదువు రాలేదు

అసర్ నమాజు ముగించుకొని మసీదు మెట్లు దిగే వేళకు ఎవరో ఒకరు చేతిలో కాగితంతో నా కోసం నిలబడి ఉండడం బాన్సువాడలో ముప్పై ఏళ్ళుగా నాకు అలవాటైన సంగతే. అది కరెంటు బిల్లు కావచ్చు, బ్యాంకు నోటీసు కావచ్చు, దుబాయి నుంచి వచ్చిన వీసా కాగితం కావచ్చు. "మౌల్‌సాబ్, జర పఢ్కే బోలో" అంటారు. చదివి చెబుతాను. సలాం చెప్పి వెళ్ళిపోతారు. ఇందులో నాకు లోలోపల కొంత గర్వం కూడా ఉండేదని ఒప్పుకోవాలి.

కొంతకాలం క్రితం ఒక ఖాలా తెచ్చిన కాగితం ఆ గర్వాన్ని దించివేసింది. ఆమె బీడీలు చుట్టి ముగ్గురు పిల్లలను పెద్ద చేసిన మనిషి. తెచ్చింది ఒక ఫైనాన్సు సంస్థ పంపిన నోటీసు. వెనుక వీధిలో ఒకామె తీసుకొన్న అప్పుకు ఈమె జామీను ఉన్నదనీ, ఆ మనిషి కట్టడం మానేసింది గనుక బాకీ ఈమే చెల్లించాలనీ దాని సారాంశం. "నేను జామీను ఉండలేదు మౌల్‌సాబ్. గ్రూపులో పేరు రాసుకొంటామంటే దస్తఖత్ చేశానంతే" అన్నది. నోటీసుకు జతపరచిన నకలు తీసి చూశాను. అడుగున తెలుగులో ఆమె పేరు ఉన్నది. తొందర లేకుండా, ఒక్కొక్క అక్షరం గుండ్రంగా తిప్పి, ఎంతో శ్రద్ధగా పెట్టిన సంతకం! "ఎక్కడ నేర్చుకొన్నారు ఖాలా?" అని అడిగాను. పెద్దల చదువుల కేంద్రం నడిచిన రోజుల్లో రెండు నెలలు వెళ్ళానని, పేరు రాయడం వచ్చాక మానేశానని చెప్పింది. ఆ సంతకానికి పైన ఉన్న ఇరవై వరుసల్లో ఒక్క మాట కూడా ఆమె చదవలేదు. చదవలేదు కూడా కాదు, చదవలేదన్న సంగతి అక్కడ కూర్చున్న ఎవరికీ తట్టలేదు. సంతకం చేసిన మనిషి చదువుకొన్న మనిషే అనుకొంటారు గదా!

నిజం చెప్పాలంటే ఆమె వేలిముద్ర వేసి ఉంటే ఇంతకన్నా మేలు జరిగేదేమో. వేలిముద్ర వేసేవారి పట్ల లోకానికీ, చట్టానికీ కొంత జాగ్రత్త ఉన్నది. పర్దానషీన్ స్త్రీ చేత రాయించుకొన్న పత్రం చెల్లాలంటే, దానిలోని విషయాన్ని ఆమెకు అర్థమయ్యేట్లు చదివి వినిపించామని ఆ పత్రాన్ని చూపి హక్కు కోరేవారే నిరూపించాలని బ్రిటిష్ కాలం నుంచి మన న్యాయస్థానాలు పాటిస్తూ వచ్చాయి. చదువురాని స్త్రీలకు కూడా ఆ రక్షణను వర్తింపజేశాయి. వేలిముద్ర దగ్గర "చదివి వినిపించితిమి" అని రాసి, సాక్షి చేత సంతకం చేయించే ఆచారం అందుకే వచ్చింది. పేరు రాయడం మాత్రమే నేర్పి పంపితే ఆ జాగ్రత్త పోతుంది, దాని స్థానంలో రావలసిన చదువు రాదు.

దివ్య ఖుర్ఆన్‌లో అన్నిటికన్నా పొడవైన ఆయత్ దేని గురించి అని అడిగితే మనలో చాలామంది చెప్పలేరు. సూరె బఖరాలోని 282వ ఆయత్ అది. అందులో విషయం అప్పు కాగితమే. గడువు పెట్టి అప్పు ఇచ్చిపుచ్చుకొనేటప్పుడు రాసుకోవాలని, రాసేవాడు న్యాయంగా రాయాలని, బాకీ ఉన్న మనిషే చెప్పి రాయించాలని, ఆ మనిషి చెప్పలేని బలహీన స్థితిలో ఉంటే సంరక్షకుడు న్యాయంగా చెప్పి రాయించాలని, సాక్షులు ఉండాలని అందులో ఆదేశం ఉన్నది. పిల్లల చదువు గురించి ప్రతి జలసాలోనూ 'ఇఖ్రా' అనే మాటతో మొదలుపెట్టి గంటసేపు ప్రసంగిస్తాము. అప్పు కాగితం గురించిన ఈ ఆయత్ మాత్రం నేను ఏ జలసాలోనూ విన్న గుర్తు లేదు.

ప్రభుత్వాలు ఏమీ చేయలేదని అనడం న్యాయం కాదు. 1978 అక్టోబర్ 2న జాతీయ వయోజన విద్యా కార్యక్రమం మొదలైంది. 1988 మే నెలలో జాతీయ సాక్షరతా మిషన్ వచ్చింది. సంతకం చేస్తే చాలునని ఆ మిషన్ ఏనాడూ అనలేదు. సులభమైన పాఠాన్ని నిమిషానికి 30 మాటల చొప్పున పైకి చదవగలగాలని కొలత కూడా పెట్టింది. అయితే పైనుంచి లెక్కలు అడిగేవారికి సంతకాలు చూపించడం తేలిక, చదివి వినిపించడం కష్టం. కేంద్రంలో ఇరవైమంది చేరితే ఇరవైమందికీ పేరు రాయడం నేర్పి, రిజిస్టరులో సంతకాలు చేయించి, పని అయిపోయిందనిపించిన చోట్లు ఎన్నో ఉన్నాయి. 2009లో వచ్చిన సాక్షర భారత్ అల్పసంఖ్యాక వర్గాలకు ప్రత్యేకంగా లక్ష్యం పెట్టుకొన్నది. 2014లో దానికి అనుబంధంగా ముస్లిం పెద్దల కోసం మౌలానా ఆజాద్ పేరిట 'తాలీమె బాలిగాన్' అని ఒక పథకాన్ని కూడా ప్రకటించారు. పేరు వినసొంపుగానే ఉన్నది. సాక్షర భారత్ 2018 మార్చితో ముగిసిపోయింది. తరువాత 2022లో 'ఉల్లాస్' వచ్చింది. 2027 వరకు సాగేట్లు రూ. 1,037.90 కోట్లతో రూపొందిన ఈ కార్యక్రమం పదిహేనేళ్ళు దాటిన వారికి చదవడం, రాయడం, లెక్కలు నేర్పి పరీక్ష పెడుతుంది. నేర్పేవారికి జీతం లేదు, అంతా స్వచ్ఛంద సేవ మీదనే నడవాలి. అంటే పథకం సర్కారుదే అయినా మనిషిని మాత్రం మనమే ఇచ్చుకోవాలి.

బాగా నడిచినచోట పెద్దల చదువు ఏం చేయగలదో మన తెలుగు నేల మీదనే చూశాము. 1990లో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం నడిచినప్పుడు దూబగుంట అనే ఊళ్ళో ఆడవాళ్ళకు చెప్పిన పాఠాల్లో, ఇంటి కూలిని మింగేస్తున్న సారా గురించిన పాఠం కూడా ఉన్నది. వాళ్ళు ఆ పాఠాన్ని తమ ఇంటి సంగతిగా చదువుకొని, వెళ్ళి సారా దుకాణం మూయించారు. అక్కడ మొదలైన కదలిక జిల్లాలు దాటి, 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చేదాకా ఆగలేదు. ఆ పాఠంలో కష్టమైన మాట ఒక్కటీ లేదు. తమకు కావలసిన విషయం కనుక వాళ్ళు పట్టుకొన్నారు. మన బీడీ కార్మికురాలికి "అల, వల, తల" అని మొదలుపెడితే ఆమె రెండో రోజు ఎందుకు వస్తుంది?

ఇక మన ఇళ్ళలోని సంగతికి వస్తాను. 2001 జనాభా లెక్కల ప్రకారం దేశంలో ముస్లింల అక్షరాస్యత 59.1 శాతం, అందరి సగటు 65.1 శాతం అని సచార్ కమిటీ 2006లో నివేదించింది. కాని అదే లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ముస్లింలది సుమారు 68 శాతం, రాష్ట్ర సగటుకన్నా ఎక్కువ. దీన్ని చూసి మనవాళ్ళు సంతోషించారు. 2011లో తెలంగాణ స్త్రీలలో అక్షరాస్యులు సుమారు 58 శాతమని తేలింది. 2021లో జరగవలసిన జనగణన సకాలంలో జరగలేదు. ఇంతకూ జనగణన దృష్టిలో అక్షరాస్యులంటే ఏదో ఒక భాషలో అర్థం చేసుకొంటూ చదవడం, రాయడం వచ్చిన ఏడేళ్ళు దాటినవారు. ఏ భాష అయినా ఫరవాలేదు. అయితే బస్సు బోర్డుకు, ఆసుపత్రి చీటీకి, అప్పు కాగితానికి భాషతో పని ఉన్నది.

ఈ నిర్వచనం చూసినప్పుడల్లా నాకు మన తల్లులు గుర్తుకు వస్తారు. రంజాన్‌లో ఒకటి రెండు ఖుర్ఆన్‌లు ఖతమ్ చేసే తల్లి, ఎవరైనా లెక్క రాసుకోవడానికి వస్తే "ముఝే పఢ్నా నై ఆతా" అంటుంది. అది వినయం కాదు, ఆమె నిజంగానే అలా అనుకొంటున్నది. అర్థం తెలియకుండా చదువుతున్నది గనుక లెక్క ప్రకారం ఆమె నిరక్షరాస్యురాలే. కాని ముప్పై ఏళ్ళుగా పాఠం చెబుతున్నవాడిగా నేను ఒక మాట చెప్పగలను. ఆమెకు చదువులో సగం వచ్చి ఉన్నది. ఆ సగాన్ని ఎవరూ వాడుకోలేదు.

నా సంగతే చెబుతాను. నేను మదర్సాలో అరబీ, ఫార్సీ, ఉర్దూ చదివి 1993లో బాన్సువాడకు తిరిగి వచ్చినప్పుడు నాకు తెలుగు మాట్లాడడం వచ్చు, చదవడం రాదు. ఒకరోజు బోధన్‌లో బంధువుల నికాహ్‌కు బయలుదేరి, బస్టాండులో ఒకరిని అడగడానికి నామోషీ అయి, బోర్డు మీద మొదటి అక్షరం చూసి ఎక్కాను. బస్సు బిచ్కుంద దారి పట్టింది! బాన్సువాడ, బోధన్, బిచ్కుంద - మూడూ 'బ' తోనే మొదలవుతాయి. 'బ' మీద ఏమున్నదో చూడాలని అప్పుడు తెలిసింది. నికాహ్ అందలేదు. ఆ సాయంత్రమే పక్కింటి పిల్లవాడి ఒకటో తరగతి వాచకం అడిగి తెచ్చుకొన్నాను. 'బ కు దీర్ఘమిస్తే బా, గుడిస్తే బి, కొమ్మిస్తే బు' అని ఆ పిల్లవాడు పాడుతుంటే నవ్వు వచ్చింది. ఇది మన యస్సర్నల్ ఖుర్ఆన్ హిజ్జే కాక మరేమిటి? బే జబర్ బ, బే జేర్ బి, బే పేష్ బు! అక్కడ కింద ఉండే జేర్ ఇక్కడ అక్షరం పైకెక్కి గుడి అయింది. జజ్మ్ ఇక్కడ పొల్లు. తష్దీద్ ఇక్కడ అక్షరం కింద ఒత్తు. అలిఫ్ కలిస్తే దీర్ఘం.

ఇంకొక విచిత్రం ఏమిటంటే, ఖుర్ఆన్ మాత్రమే చదివిన మనిషికి ఉర్దూ పత్రికకన్నా తెలుగు పత్రికే ఒక విధంగా దగ్గర. ఖుర్ఆన్‌లో ప్రతి అక్షరం మీద జేర్, జబర్ ఉంటాయి. ఉర్దూ అచ్చులో అవి ఉండవు, భాష తెలిసినవాళ్ళు ఊహించుకొని చదువుకోవాలి. తెలుగు ఏదీ దాచదు, ప్రతి అచ్చునూ రాసి చూపిస్తుంది. మన స్త్రీలకు తెలుగు మాట్లాడడం వచ్చు. కూరగాయల బేరం తెలుగులో, బీడీ కంపెనీలో తగవు తెలుగులో. హిజ్జే పెట్టడం చిన్నప్పుడే నేర్చారు. వాళ్ళు నేర్వవలసింది అక్షరాల రూపాలు, ఒత్తులు, ఎడమ నుంచి కుడికి చూపు నడపడం. ఒత్తులు కష్టమే, నాకూ కష్టమయ్యాయి. అయినా ఖాళీ పలక కాదు వాళ్ళ దగ్గర ఉన్నది. తరగతి మొదటి రోజున "మీకేమీ రాదు" అని మొదలుపెట్టకుండా "మీకు వచ్చినదే ఇంకో లిపిలో" అని మొదలుపెడితే సగం సిగ్గు అక్కడే పోతుంది.

ముందుగా ఏమి చదివించాలి అన్న ప్రశ్నకు నా సమాధానం, మొట్టమొదట ఆమె పేరు. రాయడానికి కాదు, తప్పు పట్టడానికి. మన పేర్లు తెలుగులోకి, ఇంగ్లీషులోకి దిగేటప్పుడు ఏమవుతాయో అందరికీ అనుభవమే. ఖాజాబీ ఒక కాగితంలో కాజాబి, ఇంకొక దానిలో ఖాజాబేగం అవుతుంది. ఆధార్‌లో ఒకటి, పి.ఎఫ్. పుస్తకంలో ఒకటి. తెలంగాణ ఏర్పడిన తరువాత ఆసరా కింద బీడీ కార్మికులకు పింఛను ఇవ్వడం మొదలైనప్పుడు, పి.ఎఫ్. సొమ్ము తీసుకోవలసి వచ్చినప్పుడు, ఈ ఒక్క దీర్ఘం, ఒక్క ఒత్తు కోసం ఆఫీసుల చుట్టూ తిరిగినవాళ్ళు నాకు తెలుసు. కాగితం చేతికి ఇచ్చిన క్షణంలోనే "అయ్యా, ఇది నా పేరు కాదు" అని చెప్పగలిగితే ఆరునెలల తిప్పలు తప్పుతాయి. పేరు తరువాత బీడీ పుస్తకం. ఎంత ఆకు, ఎంత తంబాకు ఇచ్చారు, ఎన్ని బీడీలు తీసుకొన్నారు, ఎన్ని తీసిపారేశారు? లెక్కల్లో వాళ్ళకు మనం నేర్పవలసింది తక్కువ. కట్టకు ఇరవై ఐదు, వెయ్యికి నలభై కట్టలు అని పొద్దస్తమానం మనసులో లెక్క వేసే మనిషికి కూడిక ఎవరు నేర్పాలి? ఆ లెక్క పుస్తకంలో సరిగా ఎక్కిందో లేదో చూడడం మాత్రం నేర్పాలి. ఆ తరువాత అప్పు కాగితంలో నాలుగు మాటలు - అసలు, వడ్డీ, గడువు, జామీను. ఈ నాలుగు చదవగలిగితే మా ఖాలా కలం కింద పెట్టేది.

ఎవరూ రాయని అడ్డంకి ఒకటి ఉన్నది, కళ్ళజోడు. నలభై ఏళ్ళు దాటిన వాళ్ళకు దగ్గరి అక్షరం మసకగా కనబడుతుంది. అది తమ బుద్ధి మాంద్యం అనుకొని మానేసిన వాళ్ళను నేను చూశాను. 2018లోనూ, 2023లోనూ కంటివెలుగు శిబిరాల్లో ఉచితంగా ఇచ్చిన జోళ్ళు చాలా ఇళ్ళలో డబ్బాల్లో పడి ఉన్నాయి. పలక కొనేముందు ఆ డబ్బా వెతకండి.

రెండోది, ఎవరు నేర్పాలి? ఇంట్లో పదో తరగతి చదివే కూతురు ఉన్నది గదా అంటారు. కూతురు తల్లికి పాఠం చెబితే మూడో రోజున ఇద్దరూ అలుగుతారు. "ఎన్నిసార్లు చెప్పాలి అమ్మీ?" అని పిల్ల విసుక్కుంటుంది, తల్లి పుస్తకం మూసి వంటింట్లోకి పోతుంది. మా వీధిలో పిల్లలను మార్చి చూశాము. ఈ ఇంటి అమ్మాయి ఆ ఇంటి ఖాలాకు, ఆ ఇంటి అమ్మాయి ఈ ఇంటి ఖాలాకు. పరాయి పిల్ల విసుక్కోదు, పరాయి పిల్ల ముందు ఖాలా కూడా అలగదు. ఇంతకన్నా పెద్ద విద్యాశాస్త్రం నాకు తెలియదు.

మగవాళ్ళ సంగతి వేరుగా రాయాలి. ఆటోవాలాలు, హమాలీలు రాత్రి ఇషా తరువాత వస్తామంటారు, రారు. ఫోనులో మాట రికార్డు చేసి పంపే వసతి వచ్చాక, గల్ఫ్‌లో ఉన్న కొడుకు ఉత్తరం చదువుకోవాలన్న అవసరం కూడా పోయింది. ఆ అవసరం ఒకప్పుడు ఎంతోమందికి ఉర్దూ నేర్పింది. ఆ పక్కనే రేషన్ దుకాణంలో యంత్రం వచ్చి, మనం మాన్పించాలనుకొన్న వేలిముద్రను మళ్ళీ అడుగుతున్నది. బీడీ ఆకు రుద్ది రుద్ది అరిగిన వేళ్ళను అది గుర్తుపట్టక తిప్పి పంపుతుంది కూడా.

మదర్సా గదిలో తెలుగు ఏమిటని అడిగే పెద్దలు ఉన్నారు. ఉర్దూ ఏమైపోతుందని వాళ్ళ బాధ. ఆ బాధ నాకూ ఉన్నది, ఉర్దూ నా అన్నం. ఉర్దూను రాష్ట్రమంతటా రెండవ అధికార భాషగా చేస్తూ 2017 నవంబరులో శాసనసభ చట్టం చేసింది. అయినా నా చేతికి వచ్చే నోటీసులు తెలుగులోనో, ఇంగ్లీషులోనో ఉంటున్నాయి. చట్టం అమలు కోసం అడుగుదాం. ఈలోగా ఖాలా ఎన్ని కాగితాల మీద సంతకాలు చేయాలి? పైగా మనం మరచిపోకూడని సంగతి ఇంకొకటి ఉన్నది. హైదరాబాదు సంస్థానంలో 1880ల నుంచి 1948 వరకు కచేరీ భాష ఉర్దూ. అప్పుడు ఈ మంజీర ఒడ్డునే తెలుగు రైతు తనకు తెలియని లిపిలో ఉన్న కాగితం మీద వేలిముద్ర వేసి, దాన్ని చదివి చెప్పేవాడి కోసం ఎదురుచూశాడు. వాళ్ళు 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం పెట్టుకొన్నారు. 1930లో ఇదే మంజీర ప్రాంతపు జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన మొదటి ఆంధ్ర మహాసభ జరుపుకొన్నారు. తమ భాష కోసం పోరాడుతూనే అవసరమైన ఉర్దూ కూడా నేర్చుకొన్నారు. ఆ రైతు బాధ ఏమిటో ఇవాళ మనకు తెలిసి రావాలి.

మహాప్రవక్త (స) వారు హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజి) గారిని యూదుల లిపి నేర్చుకొమ్మని ఆదేశించారు. తమ ఉత్తరాలను వేరేవారు చదివి చెప్పడం మీద ఆయనకు భరోసా లేకపోవడమే కారణం. జైద్ (రజి) దాన్ని పదిహేను రోజుల్లో నేర్చుకొన్నారని తిర్మిజీ హదీసుల్లో ఉన్నది. పెళ్ళయిన స్త్రీకి ఇప్పుడు చదువెందుకనే వారికి హజ్రత్ హఫ్సా (రజి) గారి సంగతి చెప్పాలి. విశ్వాసుల మాతృమూర్తి అయిన ఆమెకు రాయడం నేర్పినది షిఫా బిన్తె అబ్దుల్లాహ్ (రజి) అనే మరొక స్త్రీ. మొరాకో దేశంలో 2000 సంవత్సరం నుంచి మసీదుల్లోనే పెద్దలకు అక్షరాలు నేర్పే కార్యక్రమం నడిచింది. చేరినవారిలో ఎక్కువమంది ఆడవాళ్ళే.

మన మక్తబ్ గది పొద్దున పిల్లలతో నిండుతుంది, మళ్ళీ మగ్రిబ్ తరువాత నిండుతుంది. జుహర్ నుంచి అసర్ దాకా తాళం వేసి ఉంటుంది. తెచ్చిన ఆకు కత్తిరించడం అయ్యాక మా వీధి ఆడవాళ్ళకు గంటసేపు తీరిక దొరికేది ఆ వేళలోనే. బల్లలు ఉన్నాయి, నల్లబల్ల ఉన్నది, పక్కన ఆడవాళ్ళు వచ్చిపోవడానికి వేరే దారి కూడా ఉన్నది. ఖాలా తన కిస్తీలు కడుతూనే, తనతోపాటు పదకొండుమందిని పోగుచేసింది. నేర్పడానికి నలుగురు అమ్మాయిలు పేర్లు ఇచ్చారు. ఈ జుమా నమాజు తరువాత కమిటీ పెద్దలు కూర్చుంటున్నారు. గది తాళంచెవి ముఅజ్జిన్ సాహెబ్ దగ్గర ఉన్నది.